కొత్వాలీ ఇంకా పోలేదు

అర్ధరాత్రి అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లను వ్యాన్ ఎక్కించడం, తల్లిదండ్రులను పిలిపించి వాళ్ల ముందే క్లాసు పీకి పంపడం హైదరాబాద్ పాతబస్తీకి కొత్త కాదు. దానికి ‘చబుత్రా’ ఆపరేషన్ అని పేరు కూడా ఉంది. ఏం నేరం చేశారంటే సరైన జవాబుండదు. అదే వేళకు బంజారాహిల్స్ కాఫీ షాపుల ముందు నిలబడ్డ పిల్లల మీద ఇలా చెయ్యి వేయగలరా?

నగర పోలీసుల చేతిలో ఉన్నది నిజాం కాలపు ఫస్లీ లెక్కలో 1348 నాటి చట్టం. అంటే 1930ల చివర్లో నిజాం హయాంలో చేసింది. నిజాం రాజ్యం పోయింది, తెలంగాణ వచ్చింది, ఆ చట్టం మాత్రం కదల్లేదు. దేశం సంగతీ అంతే. 1857 తిరుగుబాటుతో బెంబేలెత్తిన బ్రిటిషర్లు ఐర్లండ్ కాన్‌స్టాబ్యులరీ (పోలీసు దళం) నమూనాలో 1861 పోలీసు చట్టం తెచ్చారు. జనాన్ని అదుపులో పెట్టడమే దాని పని. 1902లో వాళ్లే వేసిన ఫ్రేజర్ కమిషన్ సైతం పోలీసుల అవినీతిని, దౌర్జన్యాన్ని తప్పుబట్టింది.

వలస వాసన వదిలించామని చెప్పుకుంటూ 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలో కొత్త చట్టాలు అమలు చేస్తున్నవారు 1861 చట్టాన్ని ఎందుకు ముట్టుకోలేదు? పాలకులకు అది పనికొస్తుంది కాబట్టి. ఏ పార్టీ అయినా ప్రతిపక్షంలో ఉండగా పోలీసు రాజ్యమంటుంది, గద్దెనెక్కగానే అదే పోలీసును జేబులో పెట్టుకుంటుంది. ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలతో అట్టుడికిన రాష్ట్రానికి ఇది వేరే చెప్పాలా?

సిబ్బంది కొరత, పని భారం నిజమే. మహిళల రక్షణకు పెట్టిన షీ టీమ్స్ వంటి మంచి పనులూ ఉన్నాయి. నిజాం కాలపు కొత్వాల్, అంటే నగర పోలీసు అధిపతి, రాజబహదూర్ వెంకటరామిరెడ్డిని ఈ నగరం ఇప్పటికీ గౌరవంగా తలచుకుంటుంది. కానీ ఆయన కూడా జవాబు చెప్పుకోవాల్సింది నిజాంకే. మంచి అధికారి దొరకడం జనం అదృష్టం మీద వదిలేయాల్సిన విషయమా?

పోలీసు సంస్కరణలు కోరుతూ మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు దారి చూపింది. డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం, దర్యాప్తుకు వేరే విభాగం, పోలీసులపై ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థ ఉండాలంది. చాలా రాష్ట్రాలు ఆ తీర్పును నీరుగార్చాయి. స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు పట్టుకుని మళ్లీ ఆ శాఖ గడపే తొక్కాలా?

నిజాం పాలనను వేదికలెక్కి తిట్టే నాయకులు ఆయన పోలీసు చట్టాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు. ఇంత సిగ్గులేనితనం ఇక చాలు. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోనే కొత్త పోలీసు బిల్లు పెట్టండి. పెట్టే ధైర్యం లేకపోతే ప్రజాపాలన అన్న మాట ఎత్తకండి.