బ్రేక్ ఆయిల్ గోత్రాలు

నా బండి 2004 మోడల్. అందులోని బ్రేక్ ఆయిల్ కూడా 2004 మోడలే. ఈ మాట నేను సిగ్గుపడుతూ చెప్పడం లేదు. ఒరిజినల్ పార్టుల కోసం ఊరూరా తిరిగే పాత బండ్ల అభిమానులు ఎందరో ఉన్నారు గానీ, కంపెనీలో పోసిన చుక్క పోసినట్టే ఉన్న బండి మాత్రం విశాఖపట్నం మొత్తంలో నాదొక్కటేనని నా నమ్మకం. నమ్మకమే, లెక్క తీయలేదు. తీస్తే వీధికి పది తేలతాయని భయం.

రెండేళ్లకోసారి మార్చాలని బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉందట. ఆ పుస్తకం సీటు కింద ఉండేది. నాకంటే ముందు ఎలుక దాన్ని ఆసాంతం చదివేసింది. ఇంజన్ ఆయిల్ విషయంలో మాత్రం నేను ఆచారవంతుణ్ణి. ఒక వారం ఆలస్యమైతే అపచారం జరిగినట్టు కుమిలిపోతాను. బండిని నడిపించే నూనె మీద అంత భక్తి ఉన్నప్పుడు, ఆపే నూనె సంగతి వేరే పట్టించుకోవాలా?

అసలు ఈ బాధ మన పెద్దవాళ్లకు లేదు. రాజ్‌దూత్, చేతక్, ఆర్‌ఎక్స్ 100 అన్నీ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు వదులైందా, కింద కూర్చుని నట్టు రెండు చుట్లు బిగించి, లేచి చేతులు దులుపుకోవడమే. 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ వచ్చి ముందు చక్రానికి తళతళలాడే డిస్కు బిగించాక మన వేళ్ల నొక్కుడిని డిస్కు దాకా మోసుకెళ్లే ఇంకో ద్రవం మధ్యతరగతి ఇంట్లో అడుగుపెట్టింది. హ్యాండిల్ మీద చిన్న డబ్బా, దానికి గుండ్రటి గాజు కిటికీ. కొత్తలో ఆ కిటికీలోంచి లేత తేనె రంగు కనబడేది. పదేళ్లకు అది టీ అయింది. ఇప్పుడు చిక్కటి డికాషన్. పక్వానికి వస్తోందనుకున్నాను.

పక్వం అంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటకెక్కించేది. తడి గరిటె పెట్టినవాడికి ఆ పూట తిట్లే కూర, తిట్లే పులుసు. చుక్క నీరు తగిలితే జాడీ మొత్తం బూజు పడుతుందని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ జన్మలో డిస్కు బ్రేకు చూడలేదు గానీ బ్రేక్ ఆయిల్ శాస్త్రం సగం ఆ జాడీలోనే ఉంది. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, డాట్ 4 అనే రకాలు గ్లైకాల్ అనే రసాయనపు సరుకు. గాలిలో తేమ ఎక్కడుందా అని చూస్తుంటాయి, దొరికితే పీల్చేస్తాయి. మూత బిగించే ఉన్నా రబ్బరు గొట్టం గుండా ఏళ్ల తరబడి మెల్లగా తాగుతూనే ఉంటాయి. మాదా, సముద్రం ఒడ్డు. ఇక్కడ డబ్బాలో ఉప్పు కూడా చెమటోడుస్తుంది. కొత్త డాట్ 4 మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి. అందులో 3.7 శాతం నీరు చేరిందంటే 155 దగ్గరే పొంగొచ్చు. డాట్ 3కి ఆ లెక్క 205, 140. ఇరవై ఏళ్లు దాటి తాగుతున్న నా శాల్తీ ఏ డిగ్రీ దగ్గర పొంగుతుందో దానికే తెలియాలి.

నాకూ తెలిసింది లెండి. అరకు నుంచి వస్తూ అనంతగిరి ఘాట్ దిగుతున్నాను. వెనక మా ఆవిడ, ఆవిడ ఒళ్లో కాఫీ పొడి పొట్లాలు. మలుపు మలుపుకీ ముందు బ్రేకు పట్టుకునే ఉన్నాను. ఒక మలుపులో లివర్ నొక్కితే, నానిన అటుకుల్లో వేలు పెట్టినట్టు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. బ్రేకు లేదు. లోపల ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టింది. నూనెను నొక్కితే ముందుకు తోస్తుంది, ఆవిరిని నొక్కితే అది ముడుచుకుని ఊరుకుంటుంది. ఇన్నేళ్లూ నేను చులకనగా చూసిన వెనక డ్రమ్ము, రెండో గేరు, సింహాద్రి అప్పన్న కలిసి బండిని ఆపారు. అరగంట చెట్టు నీడన కూర్చున్నాం. డిస్కు చల్లారాక బ్రేకు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చింది. "చూశావా, బాగానే ఉంది" అన్నాను. మా ఆవిడ శృంగవరపుకోట దాకా బస్సులో వచ్చింది.

సరే, మార్చడానికే నిశ్చయించాను. ఇక ఏది పోయాలన్న మీమాంస. మా సందు చివర టీ కొట్టు దగ్గర సభ తీరింది. పోర్టులో రిటైరైన బాబాయిగారు ముందుగా తీర్పిచ్చారు: "ఆయిల్ ఆయిలేరా. ఇంట్లో మిగిలిన ఇంజన్ ఆయిల్ పోసీ." ఆయన మాట ప్రకారం పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పూరీల్లా ఉబ్బుతాయి. పట్టిన బ్రేకు పట్టినట్టే ఉండిపోతుంది. ఒకరకంగా భద్రతకు అంతకన్నా ఏం కావాలి? బండి కదలదు.

మా పక్క ఫ్లాట్ కుర్రాడు మార్కుల యుగంలో పుట్టినవాడు. "అంకుల్, 3 కన్నా 4 బెటర్, 4 కన్నా 5 బెటర్. 5 వేయించండి." అంకెల ప్రకారం కాదనలేం. చిక్కల్లా గోత్రంలో ఉంది. 3, 4, 5.1 ఒక గోత్రం, అన్నీ గ్లైకాల్ వంశం. 5 ఒక్కటీ వేరే గోత్రం, ఊదారంగు వేసిన సిలికాన్. మన పెళ్లిళ్లలో సగోత్రం పనికిరాదు, ఇక్కడ సగోత్రమైతేనే సంబంధం. 5.1 అంటే 5కి సొంత తమ్ముడనుకుంటాం. కాదు, 4కి పెద్దన్న. మరి ఈ పేర్లు పెట్టిన అమెరికా రవాణా శాఖవారు ముహూర్తం చూసుకున్నట్టు లేరు. పైగా సిలికాన్‌కి నీటి పొడే గిట్టదు. లోపలికి చేరిన నీటిబొట్టు దాంట్లో కలవక, అడుగున డిస్కును పట్టి ఆపే కాలిపర్ దగ్గరికి జారి కూర్చుని, 100 డిగ్రీలకే మరుగుతుంది. అలాగని దాన్ని పనికిమాలిందనీ అనలేం. హార్లీ-డేవిడ్‌సన్ వాళ్లు ఏళ్ల తరబడి తమ బండ్లలో ఆ ఊదారంగుదే పోసి, 2000ల మధ్యలో డాట్ 4కి మారారు. అలాంటి పాత హార్లీలో 4 పోస్తే తప్పు, నా బండిలో 5 పోస్తే తప్పు. 5.1 అయితే సగోత్రమే గానీ, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్లకు దాని పలచదనం అక్కరకొస్తుంది. నా బండి పుట్టేనాటికి ఏబీఎస్ అన్న మాటే మన వీధిలో ఎవరూ అనలేదు.

సభ ఏమీ తేల్చకుండానే, టీ డబ్బులు నాచేత ఇప్పించి ముగిసింది. స్పేర్ పార్టుల కొట్టాయన ఇంకా ఉదారంగా, పాలిథిన్ కవరు కప్పి రబ్బరుబ్యాండు వేసిన పెద్ద డబ్బా చూపించి, "లూజు ఇచ్చేత్తాను, తక్కువలో అయిపోద్ది" అన్నాడు. అమ్మమ్మ ఉంటే ఆ డబ్బాని ఆయన నెత్తిన బోర్లించేది.

చివరికి మెకానిక్ దగ్గరికే వెళ్లాను. నలుగురి వాదాలూ పూర్వపక్షంతో సహా వినిపించాను. అతను చేతిగుడ్డతో హ్యాండిల్ మీద డబ్బా మూత తుడిచాడు. ఇరవై ఏళ్ల మట్టి. "సదువుకున్నోరు గదా గురూగారూ, మూత మీద ఏటి రాసుందో మీరే సదవండి."

డాట్ 3 గానీ డాట్ 4 గానీ, సీలు తీయని డబ్బాలోది మాత్రమే పోయాలని రాసి ఉంది. మూత తీసే ముందు తుడవమని కూడా. రోజూ బండెక్కినప్పుడల్లా నా కళ్లకి జానెడు దూరంలో ఉన్న శాసనం. ఇంత చిన్న మూత మీద అంత పెద్ద రహస్యాన్ని దాచిపెట్టడం ఏం న్యాయం?

స్టార్ స్క్రూలు రెండూ తుప్పుపట్టి బుర్ర అరిగాయి. సుత్తితో తట్టి తట్టి తీశాడు. ఎనిమిదో నంబరు స్పానర్ కింద పాత ఆయిల్ వదిలే నిపుల్‌కి తగిలించి, దానికో సన్న గొట్టం, గొట్టం చివర ఖాళీ వాటర్ బాటిల్. కుర్రాడు లివర్ దగ్గర. "నొక్కు. పట్టుకో. వదులు." ముందు నల్లటి కషాయం దిగింది, తర్వాత బుడగలు, ఆ తర్వాత తేనె. మధ్యలో ఒక చుక్క పెట్రోలు ట్యాంకు మీద పడింది. మెకానిక్ నీళ్ల మగ్గు కోసం పరిగెత్తేలోగా నేను తెలివిగా జేబురుమాలుతో అద్దకుండా రుద్దాను. ఇరవై ఏళ్లు గీత పడకుండా కాపాడుకున్న పెయింటు రూపాయి బిళ్లంత మేర రుమాలుకి వచ్చేసింది.

సీసా ఖరీదు బిర్యానీ పొట్లానికి తక్కువే. సగం మిగిలింది. "అది దాసుకోకండి, పారబోసీండి" అన్నాడు మెకానిక్. తలూపాను గానీ, డబ్బు పోసి కొన్నది పారబోసే వంశం కాదు మాది. ఇంటికొచ్చి మూత గట్టిగా బిగించి, పైన తెల్లగుడ్డ చుట్టి, పురికొసతో శుభ్రంగా వాసెన కట్టి, అటక మీద ఆవకాయ జాడీ పక్కన పెట్టాను. రెండేళ్లకోసారి మార్చాలట కదా, వచ్చేసారికి ఉంటుంది.