సూపర్‌వైజర్ పక్కకెళ్తే పని ఏమవుతుంది?

జూన్, జులై వచ్చాయంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. మాగిన కాయ ఎవరి కోసమూ ఆగదు. అలాంటప్పుడు అందరినీ కూర్చోబెట్టి సలహాలడిగే మేనేజర్‌తో పని జరగదు. గుజ్జును వేడిచేసి క్రిములను చంపే స్టెరిలైజర్‌లో వేడి తగ్గిందంటే లైను ఆపమనాలి, ఆపాలి. అందుకే హుకుం నాయకత్వాన్ని సాంతం తప్పుపట్టను.

చిక్కల్లా ఆ గదమాయింపు కాయలు ఏరే బెల్టు దాకా పాకడంతోనే. తొడిమ దగ్గర మెత్తబడింది ఏది, నల్లమచ్చ కోసేస్తే పనికొచ్చేది ఏది, మొత్తం పారేయాల్సింది ఏది అన్నది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. బెల్టు పక్కన నిలబడే ఆడవాళ్లకు ఉన్న ఆ ఒడుపు ఆఫీసు గదిలో ఉండదు. 'ఈ లోడు సరిగ్గా మాగలేదు సార్' అన్న మనిషికి 'నీ పని నువ్వు చూసుకో' అని జవాబొస్తే ఆమె ఇంకోసారి నోరు విప్పదు. పచ్చికాయ ఆమె కళ్లముందే సాగిపోతుంది. గుజ్జు రంగు తేడా కొట్టాక ఎంత అరిచి ఏం లాభం?

1939లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అమెరికాలో మాస్కుల్లాంటివి చేసుకునే పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. పెత్తనం చేసే నాయకుడు ఎదుట ఉన్నంతసేపు పిల్లలు బాగానే పనిచేశారు. ఆయన గది దాటగానే పని చతికిలబడింది. కలుపుకుపోయే నాయకుడు వెళ్లినా పెద్ద తేడా రాలేదు. మాస్కులు చేసుకునే పిల్లలూ, రోజుకూలీ కోసం నిలబడే ఆడవాళ్లూ ఒకటి కాదు, నిజమే. కానీ రాత్రి షిఫ్టులో సూపర్‌వైజర్ టీకి వెళ్లినప్పుడు బెల్టును చూడండి, ఆయన తీరు ఏమిటో తెలిసిపోతుంది. అన్నట్టు, నాయకుడు ఏమీ పట్టించుకోకుండా పిల్లల ఇష్టానికి వదిలేసిన క్లబ్బుల్లో పని అన్నిటికంటే తక్కువ జరిగింది. 'పాపం, ఎవర్నీ ఏమీ అనడు' అనిపించుకునే మేనేజర్లు ఇది గమనించాలి.

కూలి పెంచడం సూపర్‌వైజర్ చేతిలో ఉండదు. రాత్రి షిఫ్టు ఎవరికి వేయాలి, దింపే వ్యాన్ టైముకు వచ్చిందా అన్నవి మాత్రం ఉంటాయి. వ్యాన్ కోసం గంటసేపు నిలబెట్టి, తెల్లారి 'మనమంతా ఒక కుటుంబం' అంటే ఎవరు నమ్ముతారు?

వేడి, టైము విషయంలో మేనేజర్ మాటే చెల్లాలి. లోడు వెనక్కి పంపే అధికారం మాత్రం బెల్టు దగ్గర అనుభవమున్న అక్కకే ఇవ్వాలి. ఆమె వద్దన్న లోడును మళ్లీ ఎక్కించాలంటే కారణం రాసి సంతకం చేయాల్సింది మేనేజరే.