ఆచంద్రార్కం, కోరం ఉన్నంతవరకు

ఖాళీ నేల కనిపిస్తే ఏదో ఒకటి చేయాలనిపించడం మనిషి లక్షణం. దున్నడమో, కట్టడమో, కనీసం నాలుగు హద్దురాళ్ళు పాతి పక్కవాడి మీద దావా వేయడమో చేయకుండా ఊరుకున్నవాడిని లోకం అనుమానంగానే చూస్తుంది. అలాంటిది, పనిగట్టుకుని చందాలు పోగుచేసి, లాయర్లకు ఫీజులిచ్చి, సర్వే చేయించి, దస్తావేజులు రాయించి, ఇంతా చేశాక ఆ భూమిలో ఏమీ చేయకుండా ఉండటం కోసమే ఒక కార్యవర్గాన్ని ఎన్నుకునే మనుషులు అమెరికాలో చాలా ఊళ్ళలో ఉన్నారన్న సంగతిని బాధ్యత గల రచయితగా పాఠకుల దృష్టికి తేవలసి వస్తున్నది. వీరి సంస్థలను ల్యాండ్ ట్రస్టులంటారు. 2020 నాటి లెక్క ప్రకారం ఇలాంటి ట్రస్టులన్నీ కలిసి కాపాడిన నేల సుమారు 6.1 కోట్ల ఎకరాలు. అంత నేల మీద ఏమీ జరగకుండా చూడటానికి ఎన్ని సమావేశాలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఈ అలవాటుకు ఆద్యుడు చార్లెస్ ఇలియట్ అనే ఉద్యానవన రూపశిల్పి. గ్రంథాలయం పుస్తకాలను దాచినట్టు, మ్యూజియం చిత్రాలను దాచినట్టు, అందమైన నేలను కూడా ప్రజల కోసం ఒక సంస్థ దాచిపెట్టాలని ఆయన వాదించగా, 1891లో మసాచుసెట్స్ రాష్ట్రంలో అలాంటి సంస్థ పుట్టింది. ఎవరూ చదవకపోయినా గ్రంథాలయ కమిటీ నిక్షేపంగా నడుస్తుంది కాబట్టి ఆ పోలికలో ఎంతో దూరదృష్టి ఉన్నదని ఒప్పుకోవాలి. నాలుగేళ్ళకు, 1895లో, ఇంగ్లండులో నేషనల్ ట్రస్టును స్థాపించినవారు ముగ్గురు: ఒక సంఘసంస్కర్త, ఒక లాయరు, ఒక మతాచార్యుడు. నేటికీ ఏ చిన్న ట్రస్టు కార్యవర్గాన్ని తరచి చూసినా ఈ ముగ్గురూ అందులో కనిపిస్తారు. రిటైరైన బ్యాంకు అధికారి ఒకరు కొత్తగా వచ్చి చేరారు, అంతే.

వీరి వ్యాపారంలో ముఖ్యమైన సరుకు శాశ్వతత్వం. భూమిని ట్రస్టు కొనవచ్చు, లేదా యజమాని భూమిని తన దగ్గరే ఉంచుకుని, అందులో ఇళ్ళు కట్టుకునే హక్కును మాత్రం వదులుకుంటూ ట్రస్టుతో ఒప్పందం రాసుకోవచ్చు. ఈ రెండో పద్ధతికి ఆదాయపు పన్నులో రాయితీ ఉన్నది కానీ, 1980 నాటి చట్ట సవరణ ప్రకారం ఆ రక్షణ కలకాలం నిలిచేదై ఉండాలి. కలకాలం అంటే ఎంతకాలమో మన పాత దానశాసనాలు చెక్కినవారికి బాగా తెలుసు. ఆచంద్రార్కం చెల్లాలని రాసి, ఊరుకుంటే చెల్లదన్న అనుభవం కొద్దీ, ఆ నేలను అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని కింద ఇంకో శ్లోకం కూడా చెక్కించేవారు. ఇప్పటి ఒప్పందాల్లో ఆ పురుగు ప్రస్తావన లేదు. దాని స్థానంలో కోశాధికారి దగ్గర ఒక నిధి ఉంటుంది. ఒప్పందాన్ని ఎవరైనా మీరితే కోర్టుకు వెళ్ళడానికి అందులోంచి ఖర్చు పెట్టాలి. పాతకాలపు ఏర్పాటు చవకైనదని మాత్రం నేను అనుకుంటున్నాను.

సూర్యచంద్రులున్నంత కాలం మోయవలసిన ఈ బరువును మూడేళ్ళ పదవీకాలం గల పన్నెండు మంది మోస్తారు. వారిలో ఏడుగురు వస్తే కోరం, అంటే సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు. నెలకొక సాయంత్రం ఆరుగురు వచ్చి, ఏడో మనిషి ఫోనులో ఉన్నాడని తృప్తిపడి, ఆయన మాట్లాడుతున్నాడా లేక తన మైకు ఆపుకున్నాడా అని పది నిమిషాలు విచారించి సభ మొదలుపెడతారు. అధ్యక్షుడు కూత విని పిట్ట పేరు చెప్పగలడు; ఎదురుగా కూర్చున్న కొత్త సభ్యుడి పేరు మాత్రం చీటీ చూసి చెబుతాడు. నలభై ఎకరాల అడవిని కొనే తీర్మానం నాలుగు నిమిషాల్లో, చర్చ లేకుండా నెగ్గుతుంది, ఎందుకంటే నలభై ఎకరాల గురించి ఎవరికీ గట్టి అభిప్రాయం ఉండదు. ఆ తర్వాత వచ్చే అంశం, ఆ అడవి మొదట్లో పెట్టవలసిన బోర్డు. దాని అంచు ఆకుపచ్చగా ఉండాలా గోధుమరంగులో ఉండాలా, "కుక్కలకు తాడు కట్టవలెను" అని రాయాలా "దయచేసి" అన్న మాట చేర్చాలా, చేరిస్తే ఆ మాటను గౌరవించని కుక్క యజమానిని ఏం చేయాలి అన్న విషయాల మీద పన్నెండు మందికీ, ఫోనులో ఉన్న ఆయనతో సహా, జీవితకాలపు అనుభవం ఉన్నది. గంటన్నర గడిచాక ఉపసంఘం ఏర్పడుతుంది. అడవిలో మొదటి మొక్క చెట్టయ్యేలోపు బోర్డు రావచ్చు.

ఏ నేల కాపాడదగినదో తేల్చడానికి వీరి దగ్గర లిఖితపూర్వకమైన ప్రమాణాలున్నాయి: నీటి వనరు, సాగునేల నాణ్యత, అడవి జంతువులు తిరిగే దారి. ఈ ప్రమాణాలను పటం మీద ఎంత నిష్పక్షపాతంగా వర్తింపజేసినా, ప్రకృతి తన అపురూప సంపదలో కొంత భాగాన్ని కార్యవర్గ సభ్యుల వంటింటి కిటికీలకు సరిగ్గా ఎదురుగానే ఉంచిందని బయటపడుతూ ఉంటుంది. ఇందులో దురుద్దేశాన్ని వెతకడం అన్యాయం. కొండ మీద తాను ఇల్లు కట్టుకున్న మరునాడే, కొండ మీద ఇళ్ళు కడితే ఎంత వికారంగా ఉంటుందో మనిషికి మొదటిసారి అర్థమవుతుంది. పైగా స్వప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ చర్చలో పాల్గొనరాదన్న నియమం ఉన్నది, దాన్ని వీరు తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఆ అంశం రాగానే సదరు సభ్యుడు లేచి, కాఫీ కప్పు చేతపట్టుకుని వసారాలోకి వెళ్ళి, గోడకున్న పిట్టల పటాన్ని శ్రద్ధగా చూస్తాడు. తలుపు తెరుచుకున్నాక లోపలికి వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చుంటాడు.

ఇంతకన్నా ఘనులు వేరే ఉన్నారు. పదిమంది పెట్టుబడిదారులను జతచేసి, ఎందుకూ కొరగాని నేలకు కాగితం మీద కొండంత విలువ కట్టించి, దాని మీద ఇలాంటి ఒప్పందమే రాసి, పెట్టినదానికి ఎన్నో రెట్లు పన్ను మినహాయింపు కోరే దళారులకు అడ్డుకట్టగా, మినహాయింపు పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటరాదని 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. ఆ చట్టం కావాలని పట్టుబట్టినవారిలో ల్యాండ్ ట్రస్టుల సమాఖ్యే ముందున్నది కనుక, మన బోర్డు ఉపసంఘం వారిని ఆ గాటన కట్టకూడదు. వీరికి అంత లెక్క రాదు.

వీరు నిజంగా నేల మీద కాలు పెట్టేది ఏడాదికొకసారి జరిగే తనిఖీ రోజున. ఒప్పందం రాసుకున్ననాడు ఆ భూమి ఎలా ఉన్నదో తెలిపే ఫోటోల పుస్తకాన్ని చంకన పెట్టుకుని, ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకుని, కార్యదర్శి హద్దు వెంట నడుస్తాడు. మొన్నటి నడకలో ఆయనకు పచ్చిక బయలు అంచున, నారింజరంగు రిబ్బను కట్టిన ఇనుప మేకు దగ్గర, గడ్డి ఎత్తులో తేడా కనిపించింది. మేకుకు ఇవతల మోకాలి లోతున ఉండవలసిన గడ్డి, పది అడుగుల మేర తివాచీలా కత్తిరించి ఉన్నది. దాని మధ్యన ఒక పిల్లల ఉయ్యాల. మేకుకు అవతల ఉన్న ఇల్లు ఉపాధ్యక్షుడిది.

కార్యదర్శి నాలుగు ఫోటోలు తీసి, తర్వాతి సమావేశంలో విషయాన్ని నిర్భయంగా ఎజెండాలో చేర్చాడు. ఉపాధ్యక్షుడు నియమం ప్రకారం కాఫీ కప్పుతో వసారాలోకి వెళ్ళాడు. వెళ్ళగానే లోపల ఆరుగురు మిగిలి కోరం పోయింది. అంశాన్ని వాయిదా వేయాలని అధ్యక్షుడు సూచించగా, కోరం లేని సభకు వాయిదా తీర్మానం చేసే అధికారం ఎక్కడిదని కోశాధికారి నిబంధనావళి తీశాడు. ఇద్దరూ కలిసి ఆ పేజీని రెండుసార్లు చదివాక అధ్యక్షుడు లేచి వసారా తలుపు తీసి, ఒక్క తీర్మానానికి లోపలికి వచ్చి వెళ్ళమని ఉపాధ్యక్షుడిని బతిమాలాడు.