చాచిన చేతికి సన్మానం

వింగ్ చున్ అనే చైనా పోరాట విద్యలో ఘనులకు కొదవ లేదు. దక్షిణ చైనాలోని ఫొషాన్‌లో మూలికావైద్యం చేసుకుంటూనే ఈ విద్యకు పేరు తెచ్చిన లియుంగ్ జాన్ ఉన్నాడు. 1893లో అదే ఊళ్ళో పుట్టి, ఆస్తిపాస్తులు పోగొట్టుకుని హాంకాంగ్ చేరి, 1950లో అక్కడి హోటల్ కార్మికుల సంఘంలో పాఠాలు మొదలుపెట్టిన ఇప్ మన్ ఉన్నాడు. ఆయన దగ్గర కుర్రవయసులో చేరి, తరువాత లోకమంతటికీ తెలిసిపోయిన బ్రూస్ లీ ఉన్నాడు. ఒకరికి ప్రదర్శనశాల కట్టారు, ఒకరికి కంచు విగ్రహం పోశారు. బాగుంది. కానీ ఇవాళ ఈ విద్య మొత్తాన్ని తన కుడి భుజం మీద మోస్తున్న మహానుభావుడికి ఇంతవరకు ఒక శాలువా కూడా దక్కలేదు. గురువుగారి ప్రదర్శనలో ఒకే ఒక్క గుద్దు విసిరి, ఆ చేతిని వెనక్కి తీసుకోవడం మరిచిపోయే శిష్యుడి గురించి చెబుతున్నాను.

మీరు అతణ్ణి చూసే ఉంటారు. ఫోనులో ఒక్క వింగ్ చున్ వీడియో తెరిచినా చాలు, మిగతావన్నీ అతడే వెంటబెట్టుకుని వస్తాడు.

గురువుగారు తల ఊపగానే అతడు ముందుకొచ్చి కుడి పిడికిలి విసురుతాడు. పిడికిలి గురువుగారి గడ్డానికి జానెడు దూరంలో ఆగుతుంది. ఆ క్షణం నుంచి ఆ చేతి మీద అతడికి హక్కు లేదు. గురువుగారు దాన్ని ఎడమ అరచేత్తో పక్కకు తట్టి, అదే వేగంతో కుడిచేత్తో డొక్కలో ఒకటి వేస్తారు. అక్కడి నుంచి గొలుసు గుద్దులు. గుండె మీద అరడజను, గొంతు మీద అరచేతి అంచు, కళ్ళ మీదికి రెండు వేళ్ళు, దవడ మీద మోచేయి, మోకాలి చిప్ప మీద మడమ. ఒక మనిషికి ఇన్ని చావులు అవసరమా అన్న సందేహం మనకు వస్తుంది కానీ గురువుగారికి రాదు. ఇంత జరుగుతున్నా కుడిచేయి మాత్రం విసిరిన చోటే, విసిరిన ఎత్తులోనే ఉంటుంది. ఎడమచేయి ఏమైందని అడగకండి. ఎడమచేతికి ఆ రోజు సెలవు.

అసలు ఘట్టం ఇప్పుడు మొదలవుతుంది. గురువుగారు కొట్టడం ఆపి కెమెరా వైపు తిరుగుతారు. "ఇక్కడ మధ్యరేఖను గమనించండి" అంటారు. ఒంటి నడిమధ్యగా నిలువునా ఊహించుకునే ఆ మధ్యరేఖ గురించి, మోచేయి గురించి, తమ గురువుగారి గురించి, వారి గురువుగారి గురించి, ఈ విద్యకు మూలమని చెప్పుకునే కొంగకూ పాముకూ జరిగిన పోరాటం గురించి నింపాదిగా చెబుతారు. వెనక ఆ చేయి అలాగే ఉంది. గురువుగారు కావాలనుకుంటే చెమట తుడుచుకుని తువ్వాలు దాని మీదే ఆరేసుకోవచ్చు. శిష్యుడి ముక్కు మీద ఈగ వాలుతుంది. తోలడానికి ఎడమచేయి ఉంది కానీ, సెలవులో ఉందని చెప్పాను కదా. ఉపన్యాసం ముగిశాక గురువుగారు ఇటు తిరిగి, ఆ చేతిని ఆగినచోటే అందుకుని, ఆగిన గుద్దు నుంచే మళ్ళీ మొదలుపెడతారు. తరువాత ఇదంతా నెమ్మదిగా ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి, "ఇప్పుడు అసలు వేగంతో" అని ఇంకొకసారి. అసలు వేగం గురువుగారికే. శిష్యుడికి అసలు వేగమంటూ ఏదీ నిర్ణయించలేదు.

ఈ పదవికి ఎవరు పడితే వారు పనికిరారు. అభ్యర్థి గురువుగారి కన్నా ఎత్తుగా, బరువుగా ఉండాలి, అప్పుడే చూసేవాళ్ళకు ఔరా అనిపిస్తుంది. దెబ్బ తగలకముందే మూలగడం తెలిసి ఉండాలి. ఎటు పడాలో ముందే చూసుకుని పడాలి. బాక్సింగ్ అనుభవం ఉన్నవారు దరఖాస్తు చేయనవసరం లేదు. ఆ దురభ్యాసం ఉన్నవాడికి విసిరిన చేయి వెళ్ళినంత వేగంగా వెనక్కి వస్తుంది, దాని వెనకే రెండో చేయి బయలుదేరుతుంది. అప్పుడు గురువుగారు ఖాళీ గాలిని పక్కకు తట్టి, "నువ్వు తప్పుగా దాడి చేస్తున్నావు" అని మందలించవలసి వస్తుంది. దాడి చేసేవాడికి దాడి ఎలా చేయాలో ముందు బోధించి, ఆ తరువాతే ఆత్మరక్షణ నేర్పే విద్యలు లోకంలో ఎక్కువ లేవు.

తమాషా ఏమిటంటే, ఈ విద్యలో తరతరాలుగా వల్లించే సూత్రమే ఈ నాటకానికి అడ్డు. వచ్చినదాన్ని నిలబెట్టు, పోయేదాన్ని సాగనంపు, చేతికి అడ్డు తొలగితే నేరుగా దూసుకుపో అంటుంది ఆ సూత్రం. పోయేదాన్ని సాగనంపమన్నారంటే, పెద్దలకు చేయి వెనక్కి పోతుందని తెలుసు. వాళ్ళు చేతులున్న మనుషులతో కొట్లాడారు. చేతులు వస్తాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. ముంజేతులు ఆనించి ఇద్దరూ తిప్పుకునే చీ సావ్ అభ్యాసం పుట్టింది అందుకే. ఎదుటివాడి బలం ఎటు మొగ్గుతోందో, ఎప్పుడు సడలిందో కంటితో చూసేలోపే చర్మంతో తెలుసుకోవాలి. రెండు జానల దూరంలో కంటికి అంత తీరిక ఉండదు.

నిజానికి ఇంత దగ్గర నుంచి కొట్టడం నేర్చుకోవడం మహా విసుగుపుట్టించే పని. మొదటి పాఠం సియు నిమ్ తావ్. కాలివేళ్ళు లోపలికి, మోకాళ్ళు లోపలికి పెట్టి, మేకపిల్లను తొడల మధ్య బిగించినట్టు నిలబడాలి. పోలిక నాది కాదు, ఆ నిలబడే తీరుకు వాళ్ళు పెట్టుకున్న పేరే అది. అక్కడి నుంచి ఒక్క అడుగు కదపకుండా మోచేతిని పొట్ట ముందు నుంచి పక్కకు పోనీయకుండా చేతిని ముందుకు పంపాలి. పిడికిలి నిలువుగా ఉండాలి. తగలవలసింది కింది మూడు కణుపులు. భుజం లేవకూడదు. భుజం లేస్తుంది. మళ్ళీ మొదటి నుంచి. చేతిని వెనక్కి లాగి ఊపు తెచ్చుకునే చోటు లేని దూరంలో ఊపు కాళ్ళ నుంచి, నడుము నుంచి రావాలి. అది చేతిదాకా చేరాలంటే దారిలో ఏ కీలూ బిగుసుకోకూడదు, తగిలే క్షణంలో అన్నీ ఒక్కసారి బిగియాలి. దీనికి నెలలు పోతాయి, సంవత్సరాలు పోతాయి. వీడియో తీస్తే ఎవరూ చూడరు.

పాత శిక్షణశాలల్లో గోడకు ఒక గుడ్డసంచి కొట్టి ఉంటుంది. ఒకదాని కింద ఒకటిగా మూడు అరలు, లోపల పెసలో ఇసుకో. ఈ విద్యలో అసలు గురువు అదేనని నా అభిప్రాయం. మణికట్టు ఏ కాస్త వంగినా అక్కడికక్కడే చెబుతుంది. కణుపుల మీద తోలు లేస్తుంది, మూలికల తైలం రాసుకుని మర్నాడు మళ్ళీ రావాలి. ఆ సంచి ఎవరికీ మొహమాటపడదు. గురువుగారు వచ్చి కొట్టినా మూలగదు, ఎగిరి వెనక్కి పడదు. ఇప్పటి ప్రదర్శనల్లో అది ఎక్కువగా కనిపించకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది.

ఎగిరి పడటం అన్నాను కాబట్టి అంగుళం గుద్దు సంగతి కూడా చూసిపోదాం. 1964లో అమెరికాలోని లాంగ్ బీచ్ కరాటే పోటీల్లో బ్రూస్ లీ ఒక మనిషి ఛాతీకి అంగుళం దూరంలో పిడికిలి పెట్టి, అక్కడి నుంచే కొట్టి అతణ్ణి వెనక్కి పంపాడు. వెనక ఒక కుర్చీ వేసి ఉంది, మనిషి అందులో కూలబడ్డాడు. పిడికిలి ప్రయాణం అంగుళమే. మడమ నేలను తన్నడం, నడుము తిరగడం, ముడుచుకున్న మోచేయి చటుక్కున చాచుకోవడం, ఆ వెనక ఉన్న ఏళ్ళ కసరత్తు ఆ అంగుళంలో కనిపించవు. కనిపించేది కుర్చీ. కాబట్టి తరువాతి తరం గురువులు కుర్చీని పట్టుకున్నారు. మనిషి వెనక్కి ఎగిరాడంటే దెబ్బలో చాలా భాగం అతణ్ణి నెట్టడానికే ఖర్చయిందని, నిజంగా హాని చేసే దెబ్బకు మనిషి ఉన్నచోటే కుప్పకూలతాడని చెప్పబోతే ఎవరూ వినరు. ఇప్పుడు అంగుళం గుద్దుకు విడిగా కోర్సులున్నాయి, వారాంతంలో ముగుస్తాయి. కుర్చీ వాళ్ళే ఇస్తారు.

ఈ విద్య మొదటి నుంచీ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. ఇప్ మన్ శిష్యుడు వాంగ్ షున్ లియుంగ్ 1950లలో హాంకాంగ్ మేడల మీద, పోలీసుల కంట పడకుండా, వేరే సంప్రదాయాల వాళ్ళతో ముఖాముఖి తలపడ్డాడు. నిబంధనలు నామమాత్రం. అక్కడ ఎవరూ చేయి చాచి నిలబడలేదు. తగిలినది ఉంచుకుని, తగలనిది వదిలేసి, ఆ వచ్చిన తెలివితో పాఠం చెప్పాడు. బ్రూస్ లీకి పాఠం చెప్పినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

ఆ తరువాత ఏం జరిగిందో తెలియాలంటే 2018 చూడాలి. అంతకు ముందు ఏడాది తాయ్ చీ అనే మరో చైనా విద్య నేర్పే గురువును నిమిషమైనా గడవకుండానే పడగొట్టిన షు షియావ్‌డాంగ్ అనే మిశ్రమ పోరాట క్రీడాకారుడు, మార్చిలో వింగ్ చున్ గురువు డింగ్ హావ్‌తో తలపడ్డాడు. షు తన చేతులను వెనక్కి తీసుకున్నాడు. ఎడమచేతికి సెలవు ఇవ్వలేదు. గురువుగారు కింద పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. చివరికి పోటీ సమానంగా ముగిసిందని ప్రకటించారు. ఏళ్ళ తరబడి చాచిన చేతుల మధ్య బతికినవాడికి ఆ ఊరట అయినా దక్కాలి కదా అని నేను తప్పుపట్టలేదు.

గురువులు కింద పడితే పడనివ్వండి. ఒళ్ళు వాళ్ళది, పరువు వాళ్ళది. డబ్బు కట్టి గాలిలో గొలుసు గుద్దులు గుద్దే పెద్దమనుషులకు కూడా పోయేది లేదు, చెమట పట్టడం ఆరోగ్యమే. కానీ ఇదే నాటకాన్ని "మహిళల ఆత్మరక్షణ శిబిరం" అని పేరు మార్చి ఆడపిల్లలకు అమ్ముతున్నారు చూడండి, అక్కడ నాకు నవ్వు రాదు.

వాళ్ళ సరుకు ఒక కథ. ఙ్ మూయ్ అనే సన్యాసిని ఈ విద్యను రూపొందించిందట, యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయికి నేర్పిందట, బలవంతంగా పెళ్ళాడబోయిన రౌడీని ఆ అమ్మాయి చిత్తు చేసిందట. స్త్రీ కోసం స్త్రీ కనిపెట్టిన విద్య, దీనికి బలంతో పనిలేదు, రండి, రెండు గంటల్లో నేర్పుతాం. కథకు చారిత్రక ఆధారం లేకపోతే లేకపోనీ. ఆ కథనైనా పూర్తిగా చదివారా? ఇప్ మన్ రాసిపెట్టిన కథలో ఆ అమ్మాయి సన్యాసిని వెంట కొండకు వెళ్ళి, రాత్రనక పగలనక సాధన చేసి, విద్య పట్టుబడిన తరువాతే తిరిగి వచ్చి ఆ రౌడీని ఎదిరించింది. పుక్కిటి పురాణం కూడా చెప్పడానికి సాహసించని అబద్ధాన్ని మీరు రసీదు ఇచ్చి అమ్ముతున్నారు.

శిబిరంలో జరిగేది ఇది. పదిహేడేళ్ళ పిల్ల ముందుకు వస్తుంది. మన శిష్యుడే, ఆ చేయే, ఆమె భుజం మీద పడుతుంది. అక్కడే ఉంటుంది. గురువుగారు చెప్పినట్టే ఆమె దాన్ని తట్టి, గడ్డం కింద అరచేత్తో ఒకటి కొడుతుంది. తొంభై కిలోల మనిషి మూడడుగులు వెనక్కి తూలి పడతాడు. చప్పట్లు. ఆ పిల్ల మొహంలో వెలుగు చూశాను. ఆ నమ్మకంతోనే రేపు ఆమె ఒక రాత్రిపూట ఒక సందులోకి వెళుతుంది. అక్కడివాడు చేయి చాచి నిలబడడు. జుట్టు పట్టుకుంటాడు, గోడకేసి తోస్తాడు, మొత్తం బరువుతో మీద పడతాడు, కొట్టినా వదలడు. బరువుతో పనిలేకపోతే బాక్సింగ్‌లో బరువును బట్టి తరగతులు ఎందుకు పెట్టారయ్యా? బరిలోకి దిగే మగవాళ్ళే, చేతికి గుడ్డ చుట్టుకుని, నిర్ణేతను పక్కన పెట్టుకుని, పది కిలోలు ఎక్కువున్నవాడితో తలపడడానికి ఒప్పుకోరే! ఆ పిల్లకు మాత్రం బలంతో పనిలేదని ఎలా చెప్పగలిగారు? తెలియక చెప్పారా? మీకు తెలుసు. మీ శిష్యుడు ఆ రోజు ఎందుకు పడ్డాడో మీకు తెలుసు, అతడికీ తెలుసు. తెలియనిది ఆ పిల్లకు ఒక్కదానికే.

రెండు గంటల్లో నిజంగా నేర్పగలిగినవి కొన్ని ఉన్నాయి. గొంతు చించుకుని అరవడం, చేతికి అందినది మొహాన కొట్టడం, పట్టు ఏ కాస్త సడలినా మళ్ళీ కొట్టాలని ఆగకుండా జనం ఉన్నవైపు పరుగెత్తడం. ఆ శిబిరంలో వీటికి అయిదు నిమిషాలు కూడా కేటాయించలేదు. పరుగుకు పట్టుబట్టలు కట్టుకున్న గురువు అక్కరలేదు, గోడ మీద పటాలు అక్కరలేదు, ధ్రువపత్రం అచ్చువేయడం కుదరదు. ఆ పిల్లల దగ్గర తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేయండి.