పదహారు స్థానాల గండం

విశాఖపట్నంలోని ప్రతి పరిశోధకుడూ ఆర్కిడ్ (ORCID) అనే పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య తీసుకోవాలనీ, వ్యాసాలకూ వాటి వెనుక ఉన్న డేటాకూ డీఓఐలు (DOI అనే మారని డిజిటల్ గుర్తింపు సంకేతాలు) ఉండాలనీ, ఇవన్నీ మెటాడేటాలో, అంటే శీర్షిక, రచయిత వంటి వివరాల నమోదులో, ఒకదానితో ఒకటి ముడిపడాలనీ కొందరు యువ లైబ్రేరియన్లు చేస్తున్న ప్రచారాన్ని బాధ్యత గల పౌరునిగా ఖండించక తప్పడం లేదు.

పొడి అక్షరాల చివర రావు అనో రాజు అనో తగిలించుకోవడం మన సంప్రదాయం. ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు రావుల్లో ఒకరు సముద్రపు ఉప్పదనాన్ని కొలుస్తారు, మరొకరు జీడిమామిడి తెగుళ్లను పరిశీలిస్తారు. అయినా వారి వ్యాసాల పేరుప్రతిష్ఠలు ఇంతకాలం ఉమ్మడి కుటుంబపు ఆస్తిలా పంపకం లేకుండానే సాగాయి. 2012లో వచ్చిన ఆర్కిడ్ మనిషికొక గుర్తింపు ఇచ్చి, ఆ ఆస్తికి గట్లు వేస్తోంది. అదీ ఉచితంగా! వాల్తేరు, వైజాగ్, విశాఖ అంటూ ఒకే సంస్థ ఇన్ని చిరునామాలతో వెలిగిపోతుంటే, పరిశోధన సంస్థలకు గుర్తింపు సంకేతాలిచ్చేందుకు 2019లో మొదలైన ఆర్‌ఓఆర్ వాటన్నిటినీ ఒక్క సంకేతం కిందికి చేర్చి దాని వైభవాన్ని కుదిస్తోంది.

అసలు ప్రమాదం డేటా దగ్గర ఉంది. బంగాళాఖాతంలో ఓడ మీద తిరిగి సేకరించిన ఉష్ణోగ్రతల పట్టిక ఒక విశ్రాంత ఆచార్యుల బీరువాలో, పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉందనుకుందాం. దాన్ని డేటా భాండాగారంలో ఉంచి, డేటాకు డీఓఐలిచ్చే డేటాసైట్ సంస్థ ద్వారా డీఓఐ పొంది, వ్యాసపు మెటాడేటాలో చేర్చారంటే, చదివిన ప్రతి కుర్రవాడూ నేరుగా అంకెల దాకా వెళ్లి పెద్దల లెక్కలు సరిచూస్తాడు. వెబ్‌సైటు మారిందని తప్పించుకోవడానికీ లేదు. కొత్త చిరునామా నమోదు చేస్తే పాత డీఓఐయే అక్కడికి తీసుకుపోతుంది. ఇక నిధుల మంజూరుకూ డీఓఐలు నమోదు చేసే సంస్థ అయిన క్రాస్‌రెఫ్‌లో డీఓఐలు ఇస్తున్నారు గనుక, ఒకే వ్యాసాన్ని మూడు ప్రాజెక్టుల తుది నివేదికల్లో ఫలితంగా చూపే మన పొదుపరితనం ఏమవుతుందో (నేనెవరినీ ఉద్దేశించి అనడం లేదు) పాఠకులే ఊహించుకోవచ్చు.

అయినా తప్పదంటే నాదొక సవరణ. ఆర్కిడ్ సంఖ్యను కాగితం మీద మూడు ప్రతుల్లో రాసి, గెజిటెడ్ అధికారి సంతకంతో సమర్పించాలి. పదహారో స్థానంలో సరిచూపు గుర్తుగా కొందరికి ఎక్స్ అక్షరం వస్తుంది. అంకెల గడిలో అక్షరం చెల్లదని ఆ దరఖాస్తులను వెంటనే తిప్పి పంపాలి.