చిలకపలుకులు కావవి

ఆటిజం పిల్లల మాటల గురించి మీరు వేసిన వ్యాసంలో ‘అన్నమాటే తిరిగి అనడం’ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మా ఇంట్లో మూడేళ్లు నడిచింది అదే. మా బాబుకి దాహం వేస్తే "నీళ్లు కావాలి" అనడు, "నీకు నీళ్లు కావాలా?" అంటాడు. నేను రోజూ అడిగే ప్రశ్న, నా గొంతు యాసతో సహా! వాడికి ఆ వాక్యమంతా కలిపి నీళ్లకు పేరన్నమాట. ఇది ఎకోలేలియా అని, అర్థం లేని చిలకపలుకు కాదని స్పీచ్ థెరపిస్ట్ చెప్పాకే తెలిసింది. ఆటిజం గురించి 1943లో తొలిసారి వివరంగా రాసిన పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ చూసిన 11 మందిలో, మాటలు వచ్చిన పిల్లల్లో ఈ నేను-నువ్వు తారుమారు ఉందట.

అంతకుముందు ఏం చేశామంటే, వసకొమ్ము అరగదీసి నాలుకకి రాశాం. "వాళ్ల మేనమామకీ నాలుగేళ్లకి గానీ రాలేదు మాటలు" అని అత్తయ్యగారి ధైర్యం. చందమామను చూపిస్తే పైకి కాక నా వేలి వంకే చూసేవాడు, అది మాత్రం ఎవరం పట్టించుకోలేదు. మాటల కంటే ముందు గమనించాల్సింది అదేనట. వినికిడి పరీక్ష కూడా మొదట్లోనే చేయించాల్సింది.

ఇంకో మాట. తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఒక స్కూల్లో సలహా ఇచ్చారు. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకి మాటలు వెనకబడవని పరిశోధనలు చెబుతున్నాయి. వాడి నానమ్మకి ఇంగ్లీషు రాదు మరి, వాడు ఆవిడతో ఏం మాట్లాడాలి?

ఇప్పుడు "నాకు నీళ్లు" అంటున్నాడు. టెన్షన్ పడితే మాత్రం మళ్లీ "నీకు కావాలా?"నే.