చెయ్యి ఆపకు

గిటార్ కొన్న కొత్తలో నాకు కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా ఎడమచేత్తో తీగల్ని నొక్కే పట్లు, నాలుగొచ్చేవి: సీ, జీ, ఏ మైనర్, ఎఫ్. ఆఖరిది వచ్చిందనడం కొంచెం ఎక్కువే, ఆరు తీగల్లో రెండు మూగబోయేవి. బీటుకో దెబ్బ చొప్పున ఒక్కో కార్డుకీ నాలుగు దెబ్బలు వేసి తరవాతిదానికి వెళ్లేవాణ్ణి. పక్క గదిలోంచి మా ఆవిడ, "మళ్లీ మెట్లు దిగుతున్నారా?" అనేది. నిజమే, మోకాళ్ల నొప్పులున్నవాడు ఒక్కో మెట్టు మీదా ఆగి, ఊపిరి తీసుకుని దిగినట్టే ఉండేది.

తప్పు కార్డులదేననుకున్నాను. మూడు నెలలు కూర్చుని సెవెన్తులు, నైన్తులు, సస్ ఫోర్లు అనే సోకు కార్డులు పోగేశాను. మెట్లకి పాలరాయి పరిచినట్టయింది గానీ, దిగడం అదే దిగడం.

చివరికి గిటార్ బాగా వచ్చిన స్నేహితుడొకడు విన్నాడు. నా ఎడమచేతి వంక చూడనే లేదు. "రోగం కుడిచేతిది. బీటుకి ఒకసారి కిందికీ, ఒకసారి పైకీ. నాలుగు బీట్లకి ఎనిమిది ఊపులు. తీగకి తగలనీ, తగలకపోనీ, చెయ్యి మాత్రం ఆపకు" అన్నాడు.

ఆ ఎనిమిదిలో మోగేవి ఆరే. మొదటి బీటు మీద కిందికి కొట్టి, పైకొచ్చేటప్పుడు తీగల్ని తప్పించుకోవాలి. రెండో బీటు రెండువైపులా మోగాలి. కిటుకంతా మూడో బీటు దగ్గరుంది. చెయ్యి కిందికి దిగుతుంది, కానీ గాలిని కొట్టి, పైకొచ్చేటప్పుడు మాత్రమే తీగల్ని మోగిస్తుంది. వినేవాడి చెవి మూడో మెట్టు కోసం కాలు చాపుతుంది, అక్కడ మెట్టుండదు. ఆ తూలుడే ఊపు. నాలుగో బీటు మళ్లీ రెండువైపులా. అవే నాలుగు కార్డులు! మా ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, "ఫోన్లో పెట్టారా?" అంది. ఇన్నాళ్లలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఎడమచేతి వేళ్లని తీగల మీంచి తీసెయ్యకుండా కాస్త వదులు చేస్తే వచ్చే "చక్" నేర్చాను. తరవాతి కార్డుని దాని బీటు దాకా ఆగకుండా అరబీటు ముందే పట్టెయ్యడం నేర్చాను, దాన్ని పుష్ అంటారట. పళ్లు తోముకుంటూ కూడా రెండో చేత్తో సాధన చేశాను.

ఇంతలో మా బావమరిది కూతురి పుట్టినరోజు వచ్చింది. దీపాలార్పి కొవ్వొత్తులు వెలిగించారు. పుట్టినరోజు పాటకి మూడు కార్డులు చాలు. నాకు నాలుగొచ్చు. ఇంకేం!

ఆ పాటది మూడు బీట్ల నడకన్న సంగతి ఎవరూ చెప్పలేదు. జనం "తకిట తకిట" అని పాడుతుంటే నేను "తకధిమి తకధిమి" అని వాయించేస్తున్నాను. మూడూ నాలుగూ 12 బీట్లకోసారి గానీ కలవవు. పాట మొత్తం 8 బార్లు, బారుకి మూడేసి చొప్పున 24 బీట్లు. కాబట్టి మొదట్లో ఒకసారి, మూడో వరస ఎత్తుకోగానే ఒకసారి కలిశాం. ఆ రెండోసారి అందరూ నావైపు ఆశగా చూశారు. అంతలోనే విడిపోయాం. పైగా కార్డులు అరబీటు ముందే మారుస్తున్నానాయె, వాళ్లు వచ్చేసరికి నేను ఖాళీ చేసి వెళ్లిపోతున్నాను.

అసలు గండం ఆ వరస చివర, పిల్ల పేరు దగ్గర. అక్కడ అందరూ రాగం తీసి ఆగుతారు. నా చెయ్యి ఆగదు కదా! వాళ్లింకా పేరు పట్టుకు వేలాడుతుండగానే నేను ఆఖరి వరస కూడా ముగించి, ముచ్చటగా ఒక "చక్" కొట్టాను. పాటైపోయిందనుకుని పిల్ల ఉఫ్‌మని ఊదేసింది.

చిమ్మచీకటి. ఎవరి నోట్లో పాట ఎక్కడుంటే అక్కడే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా కుడిచెయ్యి ఒక్కటే ఊగుతోంది, మూడో బీటుని శ్రద్ధగా గాలికి వదిలేస్తూ.

"బావా," అని బావమరిది గొంతు మెల్లిగా వినిపించింది. "ఇక ఆ చెయ్యి ఆపండి బావా."